వరం, శరణం, జాగ్రత్త: ఇంటి కంప్యూటర్ రక్షణలో ఒక తాత్త్విక ప్రశ్న

ఇంటి కంప్యూటర్ భద్రత మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. అందులోని సమాచారం పరాయివాళ్ల కంట పడకూడదు. ఎవరూ దాన్ని చాటుగా మార్చకూడదు. కావలసినప్పుడు అది చేతికి అందాలి. గోప్యత, సమగ్రత, అందుబాటు అనే ఈ మూడింటిలో ఏది పోయినా భద్రత పోయినట్టే. నంద్యాల జిల్లా మిడుతూరు లాంటి మండల కేంద్రంలో ఒక ఇంటి కంప్యూటర్‌ను తెరిస్తే ఆ కుటుంబం వివరాలన్నీ అందులో ఉండవచ్చు: పట్టాదారు పాసుపుస్తకం స్కాన్ కాపీ, 1బి, అడంగల్ ప్రతులు, ఆధార్, పాన్ కార్డుల చిత్రాలు, పిల్లల మార్కుల జాబితాలు, బ్యాంకు ఖాతా వివరాలు, పెళ్లి ఫొటోలు. ఒకప్పుడు ఇనప్పెట్టెలో, బీరువాలో, ఆల్బమ్‌లో విడివిడిగా ఉండేవి ఒకేచోటికి చేరాయి. ఆ చోటికి ఇంటర్నెట్ ద్వారా ఎక్కడినుంచైనా దారి ఉంది.

ఏయే జాగ్రత్తలు తీసుకోవాలన్నది సాంకేతిక ప్రశ్న. దాని వెనుక మరో ప్రశ్న ఉంది. సంపూర్ణమైన రక్షణ అనేది అసలు సాధ్యమా? సాధ్యం కాకపోతే మనిషి ఎవరిని, ఎంతవరకు నమ్మాలి? కంప్యూటర్లు పుట్టకముందే నైయాయికులు, మీమాంసకులు, వైష్ణవాచార్యులు ఈ ప్రశ్నను వేరువేరు వైపుల నుంచి తరచి చూశారు. మిడుతూరు ఉన్న నంద్యాల జిల్లాలోనే, ఆళ్లగడ్డకు చేరువలో ఉన్న అహోబిల క్షేత్రం ఈ చర్చకు మంచి ఆధారం. అక్కడి స్థలపురాణం మొదలయ్యేది సంపూర్ణ రక్షణ కోరిన ఒక వరంతోనే.

హిరణ్యకశిపుడి వరం

నరసింహావతార కథకు అహోబిలం నెలవని వైష్ణవ సంప్రదాయం నమ్ముతుంది. ఎగువ అహోబిలం పైన, నిలువునా చీలినట్టుండే ‘ఉక్కు స్తంభం’ అనే కొండ శిలను స్వామి వెలువడిన చోటుగా భక్తులు దర్శిస్తారు. తిరుమంగై ఆళ్వారు కీర్తించిన ఈ క్షేత్రం 108 దివ్యదేశాల్లో ఒకటి. ఎర్రన నృసింహపురాణం, పోతన భాగవతంలోని సప్తమ స్కంధం ఈ కథను తెలుగువారి నోట నిలిపాయి.

హిరణ్యకశిపుడు కోరిన వరం ఒక జాబితా. బ్రహ్మ సృష్టించిన ఏ ప్రాణి వల్లా చావు ఉండకూడదు. ఇంట్లో గానీ బయట గానీ, పగలు గానీ రాత్రి గానీ, నేల మీద గానీ ఆకాశంలో గానీ, మనిషి వల్ల గానీ మృగం వల్ల గానీ, ఏ ఆయుధంతో గానీ మరణం రాకూడదు. ప్రమాదం ఎన్ని రూపాల్లో రాగలదో ఊహించి, ఒక్కొక్కదాన్నీ మూసివేసిన పద్ధతి ఇది. జాబితాలో తప్పేమీ లేదు, వరమూ అబద్ధం కాలేదు. అయినా సంధ్యవేళ, గడప మీద, ఒడిలో, గోళ్లతో, నరుడూ మృగమూ కాని రూపం చేతిలో అతడు మరణించాడు. నిషేధాల పట్టిక ఎంత పొడవైనా, రెండు నిషేధాల నడుమ చోటు మిగిలే ఉంటుంది.

ఇక్కడ ఒక హద్దు గీసుకోవాలి. లోకరక్షణ కోసం వచ్చిన అవతారానికి, దోచుకోవడానికి వచ్చే చొరబాటుదారుకు పోలిక లేదు. కథలో ఈ చర్చకు పనికివచ్చేది వరం నిర్మాణం మాత్రమే: ముప్పులన్నిటినీ ముందే లెక్కపెట్టి అభేద్యుడు కాగలననుకున్న బుద్ధి ఎక్కడ పొరబడిందన్నది.

కంప్యూటర్ శాస్త్రం ఇదే పరిమితిని మరో దారిలో నిరూపించింది. 1980ల మధ్యలో ఫ్రెడ్ కోహెన్ అనే అమెరికన్ పరిశోధకుడు కంప్యూటర్ వైరస్‌లను శాస్త్రీయంగా నిర్వచించి, ప్రతి వైరస్‌నూ తప్పకుండా పట్టుకుని, నిర్దోషిని ఎన్నడూ తప్పుపట్టని ప్రోగ్రామ్ ఉండడం అసాధ్యమని చూపాడు. వాదం సరళమైనదే. అలాంటి పరీక్షకుడు ఉన్నాడనుకుందాం. అతణ్ణే తన గురించి అడిగి, ‘ఇది వైరస్’ అంటే ఊరుకునేలా, ‘కాదు’ అంటే వ్యాపించేలా ఒక ప్రోగ్రామ్ రాయవచ్చు. అప్పుడు పరీక్షకుడు ఏ తీర్పు చెప్పినా తప్పే అవుతుంది. యాంటీవైరస్ ఉపయోగం లేనిదని దీని అర్థం కాదు. తెలిసిన వేలవేల వైరస్‌లను అది ఆపుతుంది, అనుమానాస్పద ప్రవర్తనను గుర్తిస్తుంది. దాన్ని వరంగా భావించి నిశ్చింతగా ఉండడమే పొరపాటు.

నిషేధాల జాబితాకు ప్రత్యామ్నాయాన్ని 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో సూత్రీకరించారు. వద్దన్నవి తప్ప అన్నిటికీ అనుమతి ఇవ్వడం కన్నా, సరేనన్నవి తప్ప అన్నిటినీ నిరాకరించడం మేలు. ప్రతి వ్యక్తికీ, ప్రతి ప్రోగ్రామ్‌కూ తన పనికి కావలసినంత అధికారమే ఉండాలి. నిషేధాల పట్టిక తెలిసిన ప్రమాదాలకే సరిపోతుంది. అనుమతుల పట్టిక అయితే తెలియని ప్రమాదానికి కూడా మొదటే తలుపు వేసి ఉంచుతుంది. ఆ పట్టికలో తప్పు దొర్లినా నష్టం ఒక మేరలోనే ఆగుతుంది.

ఆప్తుడెవరు

అనుమతి ఇవ్వాలంటే ఎవరినో ఒకరిని నమ్మాలి. ఈ ప్రశ్నకు న్యాయదర్శనం స్పష్టమైన చట్రాన్ని ఇస్తుంది. ఆప్తుడి ఉపదేశాన్ని అది శబ్దప్రమాణంగా అంగీకరిస్తుంది. వాత్స్యాయన భాష్యం ప్రకారం ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు తెలియజేయాలనే కోరిక గలవాడు. ఆ లక్షణం రుషులకూ, ఆర్యులకూ, మ్లేచ్ఛులకూ సమానమేనని భాష్యకారుడు ప్రత్యేకంగా చెబుతాడు. తర్కసంగ్రహం రాసిన ఆంధ్రుడు అన్నంభట్టు దీన్ని మరింత క్లుప్తం చేసి, యథార్థం పలికేవాడే ఆప్తుడన్నాడు. అంటే హోదా, వేషం, గొంతులోని గాంభీర్యం ఆప్తత్వానికి గుర్తులు కావు. తెలిసినవాడేనా, నిజం చెప్పే ఉద్దేశం ఉందా అన్నవే పరీక్షలు.

ఈ రెండు పరీక్షలు ఇంటి కంప్యూటర్‌కు నేరుగా వర్తిస్తాయి. బ్యాంకు నుంచి వచ్చినట్టు కనిపించే మెయిల్, పోలీసు యూనిఫాంలో ప్రత్యక్షమయ్యే వీడియో కాల్, ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని తెర నిండా వచ్చే హెచ్చరిక, ఇవన్నీ ఆప్తుడి వేషంతో వస్తాయి. వచ్చిన దారిలోనే తిరిగి వెళ్లి వాటిని పరీక్షించకూడదు. సందేశంలోని లింకును నొక్కకుండా బ్యాంకు చిరునామాను స్వయంగా టైపు చేయాలి. కార్డు వెనుక ముద్రించిన నంబరుకు మనమే ఫోన్ చేయాలి. ఆ మాట నిజమో కాదో ఆ మాటే తేల్చలేదు, దానికి వేరే ప్రమాణం కావాలి.

జ్ఞానం దానంతటదే ప్రమాణమా, లేక మరొకదాని వల్ల ప్రమాణమని తేలాలా అన్న విషయంలో మీమాంసకులకు, నైయాయికులకు శతాబ్దాల వివాదం ఉంది. బాధకం కనబడే వరకు జ్ఞానం స్వతఃప్రమాణమేనని కుమారిల భట్టు సంప్రదాయం. దాని ప్రామాణ్యం వేరే ఆధారంతో తెలియాలని న్యాయ పక్షం. నిత్యజీవితంలో మనుషులు ఎక్కువగా మీమాంసకుల్లా నడుచుకుంటారు, నడుచుకోక తప్పదు కూడా. ఎదురైన ప్రతి వాక్యాన్నీ పరీక్షించి బతకడం కుదరదు. డబ్బు, పాస్‌వర్డ్, ఓటీపీ, కంప్యూటర్ మీద అధికారం అడిగే మాటల దగ్గర మాత్రం నైయాయికుడి పద్ధతికి మారాలి. ఎక్కడ ఏ పద్ధతి పట్టాలో తెలియడమే ఈ రంగంలో వివేకం.

అనుమానానికి కూడా అవధి ఉండాలి. సందేహాన్ని ఆచరణతో వచ్చే వైరుధ్యం ఆపుతుందని ఉదయనాచార్యుడు కుసుమాంజలిలో వాదించాడు. ఆకలి తీరుతుందో లేదోనని సిద్ధాంతపరంగా శంకిస్తూనే రోజూ భోజనానికి కూర్చునేవాడి శంక నిజమైన శంక కాదు. కంప్యూటర్ విషయంలో ఈ అవధి ఎక్కడుందో 1984లో అచ్చయిన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో కెన్ థాంప్సన్ చూపించాడు. ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌లోనే ఒక దొంగదారి దాచితే, ప్రోగ్రామ్ పాఠాన్ని ఎంత శ్రద్ధగా చదివినా అది కనిపించదు. పూర్తిగా స్వయంగా రాయని ఏ ప్రోగ్రామ్‌నూ సంపూర్ణంగా నమ్మలేమన్నది ఆయన చెప్పిన నీతి. అలా ఎవరూ అన్నీ స్వయంగా రాయలేరు గనక, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతి ఒక్కరూ అప్పటికే ఎవరినో నమ్మినవారే. సంపూర్ణ అవిశ్వాసం కూడా సంపూర్ణ రక్షణలాగే ఆచరణలో లేని వస్తువు.

శరణాగతి, దాని షరతులు

హిరణ్యకశిపుడి ఇంట్లోనే రెండో ఆదర్శం ఉంది. ప్రహ్లాదుడికి వరాలు లేవు, ఆయుధాలు లేవు. విషం, ఏనుగులు, పాములు, నిప్పు, సముద్రం ఒక్కొక్కటిగా అతడి మీదికి వచ్చాయి. అతడు ముప్పుల పట్టిక రాసుకోలేదు, ఒక్కణ్ణి ఆశ్రయించాడు. ఈ ఆశ్రయాన్నే శ్రీవైష్ణవం శరణాగతి అంది. పాంచరాత్ర గ్రంథాలు దానికి చెప్పిన అంగాల్లో అనుకూలంగా నడుచుకునే సంకల్పం, ప్రతికూలమైనవాటిని వదలడం, రక్షిస్తాడన్న విశ్వాసం, రక్షకుణ్ణి కోరి వరించడం, తన అశక్తతను గుర్తించడం, తనను అప్పగించుకోవడం ఉన్నాయి. గమనించవలసింది ఏమిటంటే, విశ్వాసం ఇందులో ఒక అంగం మాత్రమే. నడవడిలో నియమం, రక్షకుడి ఎంపిక దానికి తోడుగా ఉన్నాయి.

రక్షణలో భక్తుడి ప్రయత్నం ఎంత అన్న ప్రశ్న శ్రీవైష్ణవంలో రెండు శాఖలకు దారితీసింది. తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం: తల్లి పిల్లి నోట కరుచుకుని తీసుకుపోతుంది, కూన చేయవలసింది ఏమీ లేదు. వడగలై వారిది మర్కట కిశోర న్యాయం: తల్లి కోతి గెంతుతూ పోతుంది, పిల్ల పొట్టను గట్టిగా పట్టుకోవాలి. సంప్రదాయం ప్రకారం ఆదివణ్ శఠకోప జీయరు నెలకొల్పిన అహోబిల మఠం వేదాంతదేశికుల మార్గాన్ని అనుసరించే వడగలై పీఠం.

ఈ చర్చను మానుష రక్షకులకు అన్వయించేటప్పుడు ఒక తేడా మరవకూడదు. దేశికుల సిద్ధాంతంలో శరణాగతి సార్థకం కావడానికి కారణం రక్షకుడు సర్వజ్ఞుడు, సర్వశక్తుడు, పరమ కారుణికుడు కావడం. సాఫ్ట్‌వేర్ సంస్థలకు ఈ మూడూ పరిమితమే. 2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్ ఉదంతంలో ఆ సంస్థ సొంత అప్‌డేట్‌లోనే దుండగులు దొంగదారి చొప్పించారు. సుమారు 18,000 మంది ఖాతాదారులకు అది చేరింది. అక్కడ లోపించింది జ్ఞానం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్ట అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. దాడి చేసినవారెవరూ లేరు, కాపలాదారే తడబడ్డాడు. ఉచితం పేరుతో వాడకందారుల సమాచారాన్ని అమ్ముకునే యాప్‌లలో లోపించేది కారుణ్యం. అందువల్ల మానుష రక్షకుణ్ణి వరించవచ్చు గానీ, పిల్లికూన మాదిరిగా అప్పగించుకోవడం చెల్లదు. పట్టు మనవైపు నుంచి కూడా ఉండాలి.

అదీగాక, రక్షకుడు సాయం పంపినా స్వీకరించనివారికి అది పనికిరాదు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక లోపానికి సవరణ విడుదల చేసింది. మే 12న అదే లోపం ఆధారంగా వానాక్రై అనే వైరస్ విరుచుకుపడి, 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయ కంప్యూటర్లలోనూ కొన్నిటికి అది సోకినట్టు అప్పటి వార్తలు చెప్పాయి. సవరణకూ దాడికీ మధ్య దాదాపు రెండు నెలల గడువు ఉంది. కొండ మీది దేవుడి సన్నిధి కూడా కంప్యూటర్‌ను కాపాడదని వెటకారం చేయడానికి కాదు ఈ ఉదాహరణ. రక్షణ పొందడంలో పొందేవాడి వంతు పని ఉంటుందన్న వడగలై వాదానికి ఇంతకన్నా లౌకికమైన సాక్ష్యం దొరకదు.

పట్టు నిలిపే నియమాలు

ఇంటి కంప్యూటర్‌కు ఆ పట్టు ఎలా ఉండాలన్నది కొద్దిపాటి నియమాల్లో చెప్పవచ్చు.

మొదటిది అప్‌డేట్లు. ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్, మిగిలిన ప్రోగ్రామ్‌లు వాటంతటవే అప్‌డేట్ అయ్యేలా పెట్టాలి. సోలార్‌విండ్స్ వంటి ఉదంతాలు ఉన్నా, అప్‌డేట్ చేయని కంప్యూటర్‌కు ఉండే ప్రమాదమే ఇళ్లలో ఎక్కువ. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దానితోనే నడుస్తున్న పాత యంత్రాలను కొత్త వెర్షన్‌కు మార్చాలి, లేదా వాటిలో లినక్స్ వేసుకోవాలి. రెండూ కుదరకపోతే బ్యాంకు పనులకు వాటిని వాడకూడదు.

రెండోది అధికార పరిమితి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా వాడకుండా మామూలు ఖాతా వాడాలి. పిల్లలకు విడిగా ఖాతా ఇవ్వాలి. ఆటల కోసం దించుకున్న ఫైలులో వైరస్ ఉన్నా, ఆ ఖాతాకు లేని అధికారం ఆ వైరస్‌కు అంత తేలిగ్గా దక్కదు.

మూడోది పాస్‌వర్డ్. నిడివి ముఖ్యం. చిన్న ఇంగ్లిషు అక్షరాలు 8 మాత్రమే వాడితే సాధ్యమయ్యే కూర్పులు సుమారు 20,900 కోట్లు. మనిషికి పెద్ద సంఖ్యే గానీ యంత్రానికి కాదు. మరో 4 అక్షరాలు చేరిస్తే అది 4,56,976 రెట్లు పెరుగుతుంది. పాస్‌వర్డ్‌ను ఊరికే నెలనెలా మార్పించడం, గుర్తులూ అంకెలూ తప్పనిసరి చేయడం కన్నా నిడివి పెంచడం, లీకైన పాస్‌వర్డ్‌లను తిరస్కరించడం మేలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో మార్గదర్శకాలు మార్చింది. పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుంటే గుర్తుంటుంది, ఊహించడం కష్టం. పిల్లల పేరు, ఊరి పేరు, ఇలవేల్పు పేరు, ఫోన్ నంబరు వాడకూడదు. ఒక్కో ఖాతాకు ఒక్కో పాస్‌వర్డ్ ఉండాలి, అన్నీ గుర్తుండవు గనక పాస్‌వర్డ్ మేనేజర్ వాడుకోవాలి. మెయిల్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకునే లింకులు వచ్చేది అక్కడికే.

నాలుగోది వైఫై. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చాలి, డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణ ఎంచుకోవాలి. ఆధార్, బ్యాంకు పనులకు నెట్ సెంటర్ కంప్యూటర్‌ను వాడవలసి వస్తే పని కాగానే లాగౌట్ చేసి, దించుకున్న ఫైళ్లను తొలగించాలి.

ఐదోది ప్రోగ్రామ్‌ల మూలం. ప్రతి ప్రోగ్రామ్‌నూ దాన్ని తయారుచేసినవారి దగ్గర నుంచే తెచ్చుకోవాలి. క్రాక్ చేసిన విండోస్, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన కాపీ, వాట్సాప్‌లో పెళ్లిపత్రిక పేరుతో వచ్చే ఏపీకే ఫైలు, ఇవి ఆప్తపరీక్షలో మొదటి మెట్టు దగ్గరే ఓడిపోతాయి.

ఆరోది బ్యాకప్. ముఖ్యమైన ఫైళ్లకు మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట అన్న నియమం ప్రసిద్ధం. ఫైళ్లకు తాళం వేసే వైరస్ కంప్యూటర్‌కు తగిలించి ఉన్న హార్డ్‌డిస్క్‌ను కూడా వదలదు కాబట్టి, బ్యాకప్ అయ్యాక దాన్ని విడదీసి ఉంచాలి. ఆ ప్రతి తెరుచుకుంటోందో లేదో అప్పుడప్పుడూ చూసుకోవాలి.

మిగిలిన నియమాలన్నీ పతనాన్ని నివారించేవి. బ్యాకప్ ఒక్కటే పతనం జరుగుతుందని ఒప్పుకుని మొదలవుతుంది. హిరణ్యకశిపుడి వరంలో లేనిది ఇదే: వరం వమ్మైతే ఏమవుతుందన్న ఆలోచన. అహోబిలం చరిత్ర మాత్రం ఆ ఆలోచన విలువను చూపుతుంది. 16వ శతాబ్ది చివర్లో గోల్కొండ సేనలు హండె నాయకుల తోడ్పాటుతో క్షేత్రాన్ని ఆక్రమించాయి. కొన్నేళ్లకు, విజయనగర పాలకుడు శ్రీరంగరాయల కాలంలో, మఠం జీయరు చొరవతో అది తిరిగి చేతికి వచ్చి పూజలు మొదలయ్యాయని 1584 నాటి శాసనం చెబుతోంది. రక్షక దైవం కొలువైన చోటు కూడా దాడికి అతీతం కాలేదు. పునరుద్ధరించగల మనుషులు, జ్ఞాపకం, వ్యవస్థ మిగిలి ఉండబట్టి అది నిలిచింది.

భయం చేసే చొరబాటు

ఎన్ని నియమాలు పాటించినా, పాస్‌వర్డ్‌ను యజమానే చెప్పేస్తే అవి పనిచేయవు. ఇళ్లలో జరిగే మోసాల్లో చాలావాటికి లక్ష్యం యంత్రం కాదు, దాని ముందు కూర్చున్న మనసు. ఆశ, భయం, తొందర అనే మూడు ఉపకరణాలతో మోసగాడు పనిచేస్తాడు. భగవద్గీత రెండో అధ్యాయం మనిషి పతనాన్ని ఒక గొలుసుగా వర్ణిస్తుంది: విషయచింతన నుంచి ఆసక్తి, దాని నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి మోహం, మోహం నుంచి జ్ఞాపకం చెదరడం, దాని నుంచి బుద్ధి నశించడం. మోసపోయినవారు ‘నాకు అన్నీ తెలుసు, ఆ క్షణాన గుర్తు రాలేదు’ అనడం ఆ గొలుసులోని చివరి కొసకు దగ్గరి మెట్టు. తెలియకపోవడం కన్నా, తెలిసినది అక్కరకు రాకపోవడమే ఇక్కడ అసలు చిక్కు.

‘డిజిటల్ అరెస్టు’ మోసం దీనికి తాజా రూపం. పోలీసులమనీ, సీబీఐ అనీ చెప్పుకునే ముఠా వీడియో కాల్‌లో బాధితుణ్ణి గంటల తరబడి కదలనివ్వకుండా కూర్చోబెట్టి డబ్బు బదిలీ చేయిస్తుంది. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్ ప్రసంగంలో ప్రధాని నరేంద్ర మోదీ దీన్ని ప్రస్తావించి, చట్టంలో అలాంటి అరెస్టు లేదనీ, ఆగి, ఆలోచించి, ఆ తరువాతే చర్య తీసుకోవాలనీ చెప్పారు. ఆ ‘ఆగడం’ సాధనతో వచ్చే గుణం. ఏ ఫోన్ కాల్ మీదా అదే కాల్‌లో డబ్బు పంపకూడదని, కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్‌ను అపరిచితుడు చెబితే వేయకూడదని, అనుమానం వస్తే ఇంట్లో మరొకరితో మాట్లాడాకే అడుగు వేయాలని కుటుంబం ముందే ఒక కట్టుబాటు చేసుకోవాలి. భయం ముంచుకొచ్చిన వేళ వివేకం పుట్టదు. ముందే చేసుకున్న నిర్ణయం మాత్రం గుర్తుకు రావచ్చు.

ఇతరుల పట్ల ధర్మం

ఇంటి కంప్యూటర్ భద్రత సొంత వ్యవహారమేనా? సోకిన కంప్యూటర్ యజమానికి తెలియకుండానే వేల యంత్రాల దండులో ఒకటై, ఇతరుల మీద దాడులకు, మోసపు మెయిళ్లకు వాహకం కాగలదు. జైన గ్రంథమైన తత్త్వార్థసూత్రం హింసను నిర్వచిస్తూ, అజాగ్రత్తతో కూడిన ప్రవర్తన వల్ల ప్రాణాలకు హాని కలిగించడమని అంటుంది. ద్వేషం లేనంత మాత్రాన దోషం లేనట్టు కాదని, అజాగ్రత్తలోనే నైతిక బాధ్యత ఉందని దాని సారాంశం. కంప్యూటర్ వాడకానికి ఈ భావాన్ని విస్తరిస్తే, అప్‌డేట్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేయడం బద్ధకం స్థాయిని దాటి నైతిక ప్రశ్నగా మారుతుంది.

యోగసూత్రాల యమాల్లో రెండు ఇక్కడ నేరుగా పనికివస్తాయి. అస్తేయం పాటించేవారు క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ జోలికి పోరు. డబ్బు చాలనివారికి లినక్స్, లిబ్రేఆఫీస్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. అపరిగ్రహం, అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడం, సమాచారానికి కూడా వర్తిస్తుంది. బంధువులు ఎప్పుడో పంపిన ఆధార్ చిత్రాలు, పని అయిపోయిన కాగితాల స్కాన్‌లు ఉంచుకున్నంత కాలం వాటిని కాపాడే బాధ్యత ఉంటుంది. లేని సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేరు. పాత కంప్యూటర్‌ను అమ్మేముందు హార్డ్‌డిస్క్‌ను పూర్తిగా తుడిచివేయడం కూడా ఈ బాధ్యతలో భాగమే.

కుటుంబం లోపల కూడా ఒక సున్నితమైన ప్రశ్న ఉంది. పిల్లల రక్షణ కోసం వారి ప్రతి సందేశాన్నీ చదవవచ్చా? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పు ప్రధానంగా ప్రభుత్వ అధికారానికి సంబంధించినదైనా, దాని వెనుకనున్న మానవ గౌరవ భావన ఇంటి గడప దగ్గర ఆగిపోదు. వయసును బట్టి నియంత్రణ ఉండవచ్చు, అది పిల్లలకు తెలిసి ఉండాలి, వయసుతో పాటు సడలాలి. చాటు నిఘాతో పెరిగిన పిల్లలు దాచడం నేర్చుకుంటారు. నిజంగా ఎవరైనా బెదిరించినప్పుడు తల్లిదండ్రులకు చెప్పే దారి అప్పటికి మూసుకుపోయి ఉంటుంది.

జరిగాక

రక్షణ సంపూర్ణం కాదని ఒప్పుకున్నాక, నష్టం జరిగినప్పుడు ఏం చేయాలన్నది కూడా భద్రతలో భాగమే. కంప్యూటర్‌కు వైరస్ సోకిందనిపిస్తే మొదట వైఫై ఆపాలి లేదా నెట్ వైరు తీయాలి. వేరే పరికరం నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చాలి. డబ్బు పోతే బ్యాంకుకు చెప్పి, వెంటనే 1930కి ఫోన్ చేయాలి లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్ము చేతులు మారకముందే నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. తెర మీది సందేశాలు, లావాదేవీ సంఖ్యలు భద్రపరచాలి. పరాయి పాస్‌వర్డ్, గుర్తింపు వాడుకోవడం సమాచార సాంకేతిక చట్టం 66సీ సెక్షన్ కింద, మరొకరి వేషంతో కంప్యూటర్ ద్వారా మోసగించడం 66డీ కింద నేరాలు. ఆ తరువాత శుభ్రమైన ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, బ్యాకప్ నుంచి ఫైళ్లు తెచ్చుకోవాలి.

ఫిర్యాదుకు పెద్ద ఆటంకం సిగ్గు. మోసపోవడం తెలివితక్కువతనమన్న భావనతో బాధితులు రోజుల తరబడి నోరు విప్పరు, ఆ ఆలస్యమే మోసగాడికి లాభం. సంపూర్ణ రక్షణ ఎవరికీ లేదన్న సత్యాన్ని నిజంగా అంగీకరిస్తే ఈ సిగ్గుకు ఆధారం ఉండదు. శరణాగతి అంగాల్లో తన అశక్తతను ఒప్పుకోవడం ఒకటన్న సంగతి ఇక్కడ గమనార్హం. ఆ ఒప్పుకోలు ఉన్న ఇంట్లో అప్‌డేట్ సమయానికి జరుగుతుంది, బ్యాకప్ ఉంటుంది, సందేహం వచ్చినవారు పక్కవారిని అడుగుతారు, మోసపోయినవారు అదే గంటలో చెబుతారు.